కండలో ముడి, నొప్పి ఇంకోచోట: వేలితో నొక్కి తగ్గించే వైద్యం మన తిరుపతి, చిత్తూరు వైపు ఎవరైనా చేయించుకున్నారా?

కాళహస్తి_కలం

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. ఇంటిల్లిపాదీ కలంకారీ పనే. కొన్నాళ్ళుగా కుడి భుజం ముందువైపు, బాగా లోపల సలుపుతా ఉంది. అక్కడి నుంచి చెయ్యి బయటి పక్కగా దిగి ఒక్కోసారి బొటనవేలి దాకా లాగుతుంది. కుడిపక్కకి తిరిగి పడుకుంటే నిద్ర పట్టదు. జాకెట్టు హుక్కులు పెట్టుకుందామంటే చెయ్యి వీపు మీదికి పోదు. ఎక్స్‌రే తీసి ఎముకలో ఏమీ లేదన్నారు. మాత్రలు వేసుకున్నంత కాలం బాగుంటుంది, ఆపితే మళ్ళీ మొదలు.

మొన్న మా ఆడబిడ్డ వీపుకి నూనె రాస్తా రెక్క ఎముక మీద ఒకచోట వేలు పెట్టింది. పెట్టింది వెనక, జివ్వుమన్నది మాత్రం ముందు భుజంలో! రోజూ నన్ను పీడించే నొప్పి అచ్చం అదే. ఇట్లాంటి చోటుని ట్రిగ్గర్ పాయింట్ అంటారని, వేలితో నొక్కిపట్టి తగ్గిస్తారని మా మేనల్లుడు చెప్పాడు. ఇది నిజంగా పనిచేస్తుందా? ఎంత గట్టిగా నొక్కాలి? ఇంట్లో వాళ్ళు చేయొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. పండగ ఆర్డర్లు ముందరున్నాయి, చెయ్యి లేకపోతే మాకు బతుకు లేదు.

బైరాగిపట్టెడ_ఫిజియో

అక్కా, మీరు రాసినదాంట్లో చాలా విషయం ఉంది. చెయ్యి పట్టుకుని చూడకుండా ఇదే జబ్బు అని చెప్పను గానీ, మీ వర్ణన ఒక కండ వైపు చూపిస్తా ఉంది. రెక్క ఎముక మీద అడ్డంగా ఒక గట్టు తగులుతుంది కదా, దాని కింద పరుచుకుని ఉండే కండ పేరు ఇన్‌ఫ్రాస్పైనేటస్. చేతిని బయటివైపు తిప్పేదీ, భుజం కీలుని గూట్లో నిలిపి ఉంచేదీ అదే. ఆ కండ పట్టేస్తే నొప్పి వెనక తెలియడం తక్కువ. భుజం ముందు, లోతుగా, కీలులోనే ఏదో చెడిపోయిందన్నట్టు తెలుస్తుంది. చెయ్యి వీపు మీదికి పోకపోవడం, ఆ పక్క పడుకోలేకపోవడం కూడా దీని లక్షణాలే. అందుకే చాలామంది ముందు భుజానికి బామ్ రాసుకుంటా ఉంటారు. అసలు కండని ఎవరూ ముట్టుకోరు.

నొప్పి ఇట్లా చోటు మారడం కొత్తగా కనిపెట్టింది కాదు. 1938లో కెల్‌గ్రెన్ అనే డాక్టరు మనుషుల కండల్లోకి ఉప్పునీళ్ళ సూది వేసి, ఏ కండలో వేస్తే నొప్పి ఎక్కడ తెలుస్తుందో రాసిపెట్టాడు. ఆ తర్వాత అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ జీవితమంతా దీని మీదే పనిచేసింది. ప్రెసిడెంట్ కెన్నెడీ నడుమునొప్పికి వైద్యం చేసింది ఆమే, తర్వాత వైట్‌హౌస్ డాక్టరు కూడా అయింది. డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో ఆమె తెచ్చిన పుస్తకంలోని బొమ్మల్నే మేమంతా కాలేజీలో చదువుకున్నాం.

మీరు నాకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, చేతిలో తిమ్మిరి గానీ, స్పర్శ తగ్గడం గానీ, పట్టు జారి వస్తువులు కింద పడటం గానీ ఉందా? మెడ వెనక్కి వంచి కుడివైపు తిప్పితే నొప్పి చేతిలోకి దిగుతుందా? అట్లా ఉంటే మెడ దగ్గర నరాన్ని ముందు చూడాలి. రెండోది, షుగర్ ఉందా? షుగర్ ఉన్నవాళ్ళకి భుజం కీలే బిగుసుకుపోవడం ఎక్కువ, దాని దారి వేరు. ఇంకో మాట. పని చేసేటప్పుడు మీరు ఎట్లా కూర్చుంటారో వివరంగా రాయండి.

కాళహస్తి_కలం

మేడమ్, తిమ్మిరి లేదు. కలం జారదు. మెడ తిప్పితే పట్టినట్టు ఉంటుంది గానీ చేతిలోకి దిగదు. షుగర్ లేదు, పోయిన నెల చూపించుకున్నాను.

పని సంగతి. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ నేల మీద పరుచుకుంటాం. ఒక మోకాలు మడిచి, ముందుకి వంగి గీస్తాం. వెదురు కలానికి ఉన్ని దారం చుట్టి ఉంటుంది, దాన్ని వేళ్ళతో నొక్కుతా ఉంటే రంగు మొనకి దిగుతుంది. మోచెయ్యి ఎక్కడా ఆనించకూడదు, ఆనిస్తే కింద గీసింది చెరుగుతుంది. చెయ్యి మొత్తం గాల్లోనే. దేవుడి ముఖం గీసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేస్తాను. ఇక రంగు దిగాక తడిగుడ్డలు ఉతకడం, పిండటం. అవి ఎంత బరువుంటాయో చూసినవాళ్ళకే తెలుసు.

బైరాగిపట్టెడ_ఫిజియో

ఇంత బాగా రాసినందుకు సంతోషం. చెయ్యి గాల్లో ఆపి గంటల తరబడి గీయడమంటే ఆ కండకి సెలవే లేనట్టు. బరువు ఎత్తితేనే కండ అలుస్తుందని అందరూ అనుకుంటారు. తక్కువ బలంతో కదలకుండా చాలాసేపు పట్టి ఉంచడం అంతకంటే చెరుపు.

లోపల ఏం జరుగుతుందో సైమన్స్ ఒక వివరణ ఇచ్చాడు. నరం వచ్చి కండని తాకే చోట అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆగకుండా ఊరుతా ఉంటే, అక్కడి పోగులు ముడుచుకుని అట్లే ఉండిపోతాయి. ముడుచుకున్నచోట సన్నటి రక్తనాళాలు నలిగిపోతాయి. రక్తం తగ్గితే శక్తి తగ్గుతుంది. కండ ముడుచుకోవడానికే కాదు, వదలడానికి కూడా శక్తి కావాలి. అది లేక ముడి విడిపోదు. ముందు మెడ నరం, భుజం కీలు బాగున్నాయని ఎవరైనా చూసి చెప్పాలి. ఆ తర్వాత నొక్కడం గురించి వివరంగా రాస్తాను.

ఘాట్‌రోడ్డు_డ్రైవరు

అమ్మా, నేను ఆర్టీసీలో కొండ బస్సులు తోలి రిటైరైనాను. ఆ మలుపుల్లో స్టీరింగ్ తిప్పి తిప్పి భుజాలు పోవాల గదా, నాకేమో భుజాలు బాగానే ఉండాయి, కుడికాలు పోయినాది. పిర్ర పక్కనుంచి తొడ బయటివైపుగా, పిక్క మీదుగా చీలమండ దాకా ఒకటే పోటు. సీట్లోంచి లేచేటప్పుడు పక్కన ఎవురో ఒకరు పట్టుకోవాల్సిందే. సయాటికా అన్యారు. స్కానింగ్‌లో డిస్కు కొంచెం బయటికొచ్చిందన్యారు. ఒకచోట ఆపరేషనుకి డేట్ కూడా ఇచ్చేసినారు.

ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పోతే ఆయన స్కానింగ్ కాయితం పక్కనబెట్టి నన్ను మంచం మీద పండబెట్టినాడు. కాలు నిటారుగా పైకి లేపినాడు, నొప్పి రాలేదు. మోకాళ్ళ కాడ సుత్తితో కొట్టి చూసినాడు. పాదాన్ని గుండుసూదితో అక్కడక్కడా తాకినాడు, అన్నీ తెలిసినాయి. పక్కకి తిరగమని నడుము ఎముక కింద, పిర్ర పక్కగా బొటనవేలు దించినాడు. చీలమండ దాకా కరెంటు పాకినట్టు పోయినాది! "నీ నొప్పి ఇదేనా?" అన్యాడు. ఇదే సార్ అన్యాను. గ్లూటియస్ మినిమస్ అంట ఆ కండ పేరు, కాయితం మీద రాయించుకున్యాను. ఈ వయసులో డిస్కు కొంచెం బయటికి రావడం నొప్పి లేనోళ్ళకి కూడా శానామందికి ఉంటుందని చెప్పినాడు. ప్యాంటు వెనక జేబులో లావు పర్సు పెట్టుకుని కూర్చోబాకన్యాడు. ఆ మాట ఎవురూ చెప్పలేదు నాకు అన్నేండ్లలో.

తర్వాత ఫిజియో దగ్గర కొన్నాళ్ళు నొక్కించుకున్యాను, ఇంటికాడ టెన్నిస్ బంతి పెట్టుకున్యాను. ఇప్పుడు పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచి వస్తా ఉండాను. డిస్కు మాత్రం అట్లే ఉంటుంది కదా, దాని పాటికి అది ఉండాది.

పీజీ_వైద్యం

పెద్దాయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. తగ్గినందుకు సంతోషం కూడా. కానీ ఇది చాలామంది చదివే చర్చ కాబట్టి ఒక మాట చెప్పాలి. ట్రిగ్గర్ పాయింట్ సిద్ధాంతం వైద్యరంగంలో అందరూ ఒప్పుకున్నది కాదు. 2015లో క్విన్‌ట్నర్, బోవ్, కోహెన్ అనే ముగ్గురు దీన్ని గట్టిగా ఖండిస్తా వ్యాసం రాశారు. నొప్పికి మూలం కండలోని ముడి అనడానికి ఆధారం చాలదని, నరాలు సున్నితమవడం వల్ల కూడా ఇదే బాధ రావచ్చని వాళ్ళ వాదన. ఒకే రోగిని ఇద్దరు పరీక్షిస్తే ఇద్దరూ ఒకేచోట వేలు పెట్టడం లేదని కూడా పరిశోధనల్లో తేలింది. రక్తపరీక్షలో గానీ, మామూలు ఎక్స్‌రేలో గానీ కనిపించని దాన్ని వేలితోనే నిర్ధారించినప్పుడు, ప్రతి నొప్పినీ అదే ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. అదే నా భయం. గుండె నొప్పి ఎడమ భుజానికి వస్తే కూడా నొక్కించుకుంటా కూర్చునేవాళ్ళని డ్యూటీలో చూస్తున్నాం.

బైరాగిపట్టెడ_ఫిజియో

డాక్టరు గారూ, మీ భయం నాకూ ఉంది. ఆ హెచ్చరిక రాసినందుకు కృతజ్ఞతలు. ఎడమ చెయ్యి, దవడ, ఛాతీ నొప్పితో చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా కండ సంగతి మర్చిపోయి అత్యవసర విభాగానికి పోవాలి. ఇందులో రెండో మాట లేదు.

మిగతాదానికి నా జవాబు ఇది. పరీక్షించేవాళ్ళ వేళ్ళు కలవకపోవడం నిజమే. 1997లో గెర్విన్ బృందం కూడా ముందు అదే చూసింది, అనుభవం ఉన్న డాక్టర్లు కూడా ఒకే మాట మీదికి రాలేకపోయారు. మళ్ళీ అందరూ కలిసి కూర్చుని, ఏది చూడాలో, ఎట్లా తడమాలో సాధన చేసి పరీక్షిస్తే వాళ్ళ మాటలు చాలావరకు కలిశాయి. అంటే వేలికి చదువు కావాలి. 2005లో అమెరికాలో జే షా బృందం సన్నటి సూదితో ఆ చోటి ద్రవాన్ని తీసి చూసింది. నొప్పి పుట్టించే ముడి దగ్గర ఆమ్లగుణం ఎక్కువగా ఉంది, బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్ పి లాంటి నొప్పి రసాయనాలు ఎక్కువగా ఉన్నాయి. తక్కువమంది మీద చేసిన పరీక్షే, నేను దాన్ని తుది తీర్పు అనను. కారణం మీద వాదన ఎటు తేలినా, నా ముందున్న మనిషికి నొక్కితే తన నొప్పి అచ్చంగా పలుకుతుంది, వదిలాక చెయ్యి ఇంకాస్త పైకి లేస్తుంది. ఆ మార్పు కొలుచుకుంటా ముందుకు పోతాను. కొన్నిసార్లు చేసినా మార్పు లేకపోతే మీ దగ్గరికే పంపుతాను.

పీజీ_వైద్యం

కొలిచి చూసి, మార్పు లేకపోతే పంపిస్తాననే మాటతో నాకు పేచీ లేదు మేడమ్. ఒకటి కలుపుతాను. ఒళ్ళంతా ఇట్లా ముడులు ముడులుగా నొప్పి ఉన్నవాళ్ళకి థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ డి, బి12 చూడాలి. శాకాహారులకి, షుగరుకి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవాళ్ళకి బి12 తగ్గే అవకాశం ఎక్కువ. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్రల వల్ల కూడా కొందరికి కండలు నొస్తాయి. అవి సరిచేయకుండా ఎంత నొక్కినా మళ్ళీ మొదటికే వస్తుంది.

మెట్లదారి

నాది వేరే సందేహం. నేను అలిపిరి దారిలో తరచుగా కొండెక్కుతాను. 3550 మెట్లు ఎక్కినప్పుడు ఏమీ ఉండదు. మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా ఆగి ఆగి ఎక్కేస్తాను. నడిచి దిగిన మర్నాడు మాత్రం తొడలు, పిక్కలు కదలవు, కుర్చీలో కూర్చోవాలన్నా అబ్బా అంటాను. ఇవి కూడా ట్రిగ్గర్ పాయింట్లేనా? నొక్కించుకోవచ్చా?

బైరాగిపట్టెడ_ఫిజియో

తమ్ముడూ, అది వేరు. దిగేటప్పుడు తొడ కండ సాగుతానే ఒంటి బరువుని ఆపుతుంది. ఆ రకం పనికి అలవాటు లేని పోగులు కొద్దికొద్దిగా చిరుగుతాయి. ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పి బాగా ఎక్కువై, వారం లోపల దానంతట అదే పోతుంది. కండ మొత్తం నొస్తుంది గానీ ఒకే చోటు వేలికి దొరకదు. దాన్ని గట్టిగా నొక్కొద్దు. మెల్లగా నడవండి, నీళ్ళు తాగండి, వేడినీళ్ళ స్నానం చాలు. దర్శనమయ్యాక బస్సులో దిగి, నడిచి దిగడం కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటే తర్వాత అంత బాధ ఉండదు.

వారం దాటాక కూడా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ నొస్తుంటే మాత్రం పిక్క లోపలి పొర, అంటే సోలియస్ కండ, చూపించుకోవాలి. దాని నొప్పి మడమకి దిగుతుంది. అరికాలి పొర వాచినా అట్లే ఉంటుంది కాబట్టి రెండూ చూడాలి. తొడలు బాగా వాచి, మూత్రం టీ డికాషన్ రంగులోకి వస్తే ఆ రోజే ఆస్పత్రికి పోండి. కండ పాడై కిడ్నీ మీద భారం పడుతున్న గుర్తు అది.

కొర్లగుంట

పిక్క మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మా పిన్ని ఢిల్లీ నుంచి రైల్లో వచ్చింది. రెండోరోజుకి ఒక్క కాలి పిక్క బరువెక్కి, వేడిగా, వాచి ఉంది. పక్కింటావిడ కండ పట్టేసిందని నూనె వేడిచేసి నొక్కడానికి కూర్చుంది. మా అన్న నర్సింగ్ చదివాడు, రెండు పిక్కలూ టేపుతో కొలిచి, ఆ చెయ్యి అక్కడే ఆపించి ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాప్లర్ స్కానింగ్‌లో సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. నొక్కి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోయేదట. ఒక్క కాలే వాచితే దయచేసి ఎవరూ చెయ్యి వేయొద్దు. ఇది అందరి ఇళ్ళల్లోనూ చెప్పండి.

బైరాగిపట్టెడ_ఫిజియో

మీ అన్న చేసింది ప్రాణం కాపాడే పని. ఎవరికి నొక్కకూడదో ఈ సందర్భంలోనే చెప్పేస్తాను. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి, ఎముకలు గుల్లబారినవాళ్ళకి, జ్వరం ఉన్నప్పుడు, చర్మం మీద పుండు, వాపు ఉన్నచోట, క్యాన్సర్ ఉన్నవాళ్ళకి డాక్టరుని అడగకుండా నొక్కొద్దు. గర్భిణులకి తెలిసినవాళ్ళే చేయాలి. మెడ ముందుభాగం ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దు, మెదడుకి రక్తం పోయే నాళం అక్కడే ఉంది. మెడని టక్కున తిప్పి చప్పుడు చేయించుకోవడం దీనికి సంబంధం లేని పని, అది నేను ఎవరికీ చేయమని చెప్పను.

పుత్తూరు_వాసి

మా ఊరి కట్టు గురించి ఎవరో ఒకరు అడుగుతారని ముందే రాస్తున్నా. పుత్తూరు కట్టు అంటే విరిగిన ఎముకకి, తొలగిన కీలుకి ఆకు మందు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టేది. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా వస్తా ఉంటారు. పట్టేసిన కండకి కట్టు కట్టి కదలకుండా ఉంచితే మంచిది కాదని నా అభిప్రాయం. దేని వైద్యం దానిదే. మేడమ్, సరేనా?

బైరాగిపట్టెడ_ఫిజియో

సరే అన్నా. పట్టేసిన కండకి కదలికే మందు. ఎముక విరిగిందేమో అని అనుమానం ఉంటే మాత్రం ముందు ఎక్స్‌రే తీయించాలి, తర్వాతే ఏ చికిత్స అయినా.

కాళహస్తి_కలం

మేడమ్, తిరుపతికి వచ్చి చూపించుకున్నాను. మెడ నరం బాగుందన్నారు, కీలు కూడా బిగుసుకోలేదన్నారు. మీరన్న కండే. అక్కడ నొక్కిన ఆయన చాలా మెల్లగా నొక్కాడు. నాకు ముందు నమ్మకం కలగలేదు, ఇంత మెల్లగానా అనిపించింది. కాసేపటికి నొప్పి దానంతట అదే పలచబడిపోయింది. లేచి చెయ్యి వెనక్కి పెడితే ఇంతకు ముందుకన్నా పైకి పోయింది. రాత్రికి మళ్ళీ కొంచెం సలిపింది. ఇంట్లో ఎట్లా చేసుకోవాలో మీరు రాస్తానన్నారు కదా.

బైరాగిపట్టెడ_ఫిజియో

రాస్తాను, ఇది తీరిగ్గా చదవండి. అసలు కిటుకంతా ఇందులోనే ఉంది.

పాత పద్ధతిలో రక్తం ఆగేంత గట్టిగా నొక్కేవాళ్ళు. నేను ముందు చెప్పిన ట్రావెల్, సైమన్స్ పుస్తకానికి 1999లో వచ్చిన రెండో కూర్పులో సైమన్స్ ఆ పద్ధతిని మార్చేశాడు. ముడి ఉన్నచోట రక్తం ముందే తక్కువగా ఉంటే ఇంకా ఆపి ఏం లాభం అన్నది ఆయన ప్రశ్న. అందుకని కండ ఎదురు తిరిగేదాకా మాత్రమే నొక్కాలి. మీకు మెల్లగా అనిపించింది అందుకే. మన దగ్గర ఎంత కేక పెట్టిస్తే అంత గొప్ప చెయ్యి అనుకుంటారు. కేక పెట్టేంత నొప్పికి కండ ఇంకా బిగుస్తుంది, మర్నాటికి చర్మం కమిలి నల్లబడుతుంది. ఆ పద్ధతి మానుకోవాలని నేను రోజుకి నలుగురికైనా చెప్తాను.

మీ ఆడబిడ్డని పక్కన కూర్చోమనండి. మీరు ఎడమపక్కకి తిరిగి పడుకుని, కుడిచేతిని ముందు ఒక దిండు మీద వాల్చండి, కండ బిగవకుండా ఉంటుంది. రెక్క ఎముక మీది గట్టు కింద, ఆమె వేళ్ళని కండ పోగులకి అడ్డంగా మెల్లగా జరపాలి. పురికొసలా ఒక గట్టి తీగ తగులుతుంది, దాని మీద ఒకచోట మీకు ముందు భుజంలో నొప్పి పలుకుతుంది. అక్కడ ఆగాలి. బొటనవేలిని నిటారుగా పొడవకుండా, రెండు మూడు వేళ్ళు చేర్చి మెత్తటి భాగంతో నొక్కాలి. ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతా పోతే ఒకచోట కండ ఇంక లోపలికి రానివ్వనంటుంది. అక్కడే నిలపాలి. నొప్పి పదికి ఐదు దాటకూడదు. మీరు ఊపిరి బిగబడితే ఒత్తిడి ఎక్కువైనట్టే, తగ్గించమనండి.

అర నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం లోపల, వేళ్ళ కింద ఆ తీగ మెత్తబడటం ఆమెకే తెలుస్తుంది. అప్పుడు ఇంకాస్త లోపలికి, మళ్ళీ అడ్డుపడేచోటు దాకా. మెత్తబడకపోతే వదిలేయండి, రేపు చూద్దాం. బలవంతం వద్దు. ఒక్కో చోటుకి రెండు మూడుసార్లు చాలు. అయ్యాక వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు వేసి, చేతిని ముందుకి, పక్కకి, వెనక్కి పూర్తిగా, మెల్లగా కదపాలి. ఈ కదపడం వదిలేస్తే నొక్కింది సగం వృథా. ఒకరోజు కొంచెం మంటగా ఉంటుంది, రెండు రోజులు దాటినా ఉంటే నొక్కుడు ఎక్కువైందని తెలుసుకోండి.

ఎవరూ లేనప్పుడు గోడకీ వీపుకీ మధ్య టెన్నిస్ బంతి పెట్టి ఒరగండి. గోలీ, కర్రముక్క, క్రికెట్ బంతి వద్దు. బంతి మీద ఎక్కువసేపు ఉండిపోవద్దు.

ఇక పని. గుడ్డని నేల మీద కాకుండా ఎత్తు తక్కువ బల్ల మీద పరవండి. గీసింది చెరగని పక్కన, మోచేతి కింద ఒక పలక లాంటిది ఆసరా పెట్టుకోగలరేమో చూడండి. చెయ్యి దించి, భుజాలు తిప్పి, మళ్ళీ కలం పట్టుకోండి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. నొక్కించుకున్న రోజు తడిగుడ్డలు పిండే పని ఇంకెవరికైనా ఇవ్వండి.

చిత్తూరు_మాస్టారు

చాలా విలువైన సమాచారం. నాకు భుజానికీ మెడకీ మధ్య కండ పట్టేసి కణతలో తలనొప్పి వచ్చేది. బోర్డు మీద చెయ్యెత్తి రాసీ రాసీ వచ్చిందన్నారు. తలనొప్పికి భుజం చూపించుకోమంటే మొదట విచిత్రంగా అనిపించింది. ఆ కండని మధ్యకి పట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి ఉంచుతారు. నాకు బాగా తగ్గింది. డాక్టరు గారు చెప్పిన బి12 కూడా చూపిస్తే తక్కువగా ఉంది, దానికి ఇంజెక్షన్లు వేశారు. రెంటిలో ఏది ఎంత పనిచేసిందో చెప్పలేను గానీ, ఇప్పుడు హాయిగా చదువుకుంటున్నాను.

ఎక్కడికి వెళ్ళాలని అడిగేవాళ్ళకి: తిరుపతిలోని స్విమ్స్ ఆస్పత్రికి సొంత ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. ఎముకలు, కీళ్ళ సమస్య అనిపిస్తే టీటీడీ వారి బర్డ్ ఆస్పత్రి ఉంది. ముందు డాక్టరు చూసి రాశాక ఫిజియోకి వెళ్ళడం మంచిది.

నగరి_మరమగ్గం

మేడమ్, నాకు కూడా ఒక సమాధానం చెప్పండి. నాది నగరి, మరమగ్గాల మీద పని. నిలబడే పని. పోగు తెగితే మగ్గం మీదికి వంగి, ఒక పక్కకి ఒరిగి ముడి వేయాల. ఎడమ నడుములో పక్కటెముకల కింద పట్టేస్తుంది, పిర్రలోకి దిగుతుంది. దగ్గితే, మంచం మీద పక్కకి తిరిగితే ప్రాణం పోతుంది. కాళ్ళలో తిమ్మిరి లేదు. డ్యూటీ అయ్యాక మా ఆవిడ కాళ్ళతో తొక్కుతుంది, అప్పటికి హాయిగా ఉంటుంది, మర్నాడు మామూలే.

బైరాగిపట్టెడ_ఫిజియో

అన్నా, తొక్కించుకోవడం ఈ రోజే ఆపేయండి. అక్కడ లోపల కిడ్నీ ఉంది, చివరి పక్కటెముకలు సన్నగా ఉంటాయి. మూత్రంలో మంట, జ్వరం, రక్తం, కెరటాల్లా వచ్చిపోయే నొప్పి ఉంటే అది కండ కాకపోవచ్చు, మూత్రపరీక్ష, స్కానింగ్ చేయించండి. ఎండలో, వేడి షెడ్డులో నీళ్ళు తక్కువ తాగి పనిచేసేవాళ్ళకి కిడ్నీలో రాళ్ళు మామూలే. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి.

అవేమీ లేకపోతే క్వాడ్రేటస్ లంబోరం అనే కండ అయ్యుండొచ్చు. నడుము ఎముకకీ చివరి పక్కటెముకకీ మధ్య ఉంటుంది. ఒక పక్కకే ఒరిగి పనిచేసేవాళ్ళకి అది పట్టేస్తుంది, దగ్గితే నొస్తుంది. దాన్ని పైనుంచి కాదు, పక్కకి తిరిగి పడుకున్నప్పుడు వీపు కండల అంచు పక్కనుంచి పట్టుకోవాలి. ఇది ఇంట్లో నేర్చుకునేది కాదు, ఒకసారి చేయించుకుని చూడండి.

మగ్గం దగ్గర ఒక చిన్న మార్పు చేయండి. ఒరిగే పక్క కాలు పెట్టుకోవడానికి జానెడు ఎత్తు చెక్కదిమ్మ వేసుకోండి. ముడి వేసేటప్పుడు నడుము తిప్పకుండా పాదాలు తిప్పి మగ్గానికి ఎదురుగా నిలబడండి.

నగరి_మరమగ్గం

మూత్రం మంట లేదు మేడమ్. అయినా రేపే పరీక్ష చేయిస్తాను. నైట్ డ్యూటీ దిగి వచ్చాక నొక్కించుకోవచ్చా, పడుకుని లేచాక పోవాల్నా?

బైరాగిపట్టెడ_ఫిజియో

పడుకుని లేచాక రండి. అలసిపోయి ఉన్నప్పుడు ఎక్కడ నొక్కినా నొప్పే పలుకుతుంది, ఏది అసలు చోటో మాకు తెలియదు. వచ్చేటప్పుడు మూత్రపరీక్ష కాయితం తెచ్చుకోండి. ఆ సాయంత్రమే మళ్ళీ మగ్గం ఎక్కే పని ఉంటే వద్దు, వారం సెలవు రోజున పెట్టుకోండి.